92 డెసిబెల్స్ 85గా తేలాయి: ఒక స్పీకర్ బ్రోచర్‌ను కొలిచి చూసిన కేసు

మాస్టారు బ్రోచర్‌ను పెన్సిల్‌తో గీతలు గీసి తెచ్చారు. ముప్పై అయిదేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. ఏ కాగితం చదివినా ముఖ్యమైన వాక్యం కింద గీత పెట్టడం ఆయనకు అలవాటు. ఎనిమిది పేజీల రంగుల బ్రోచర్‌లో పదకొండు గీతలున్నాయి. "బాబూ, మొత్తం రెండుసార్లు చదివాను. గొప్పగా ఉందని తెలుస్తోంది గానీ ఏం గొప్పో తెలియడం లేదు. కొనమంటావా?" అని అడిగారు.

నేను విజయవాడలో ఇళ్లకీ, చిన్న స్టూడియోలకీ ఆడియో సెటప్ చేస్తాను. గదిని కొలుస్తాను, స్పీకర్‌ను కొలుస్తాను, రెండింటికీ పొత్తు కుదిరేలా చూస్తాను. స్పీకర్లు అమ్మను. కాబట్టి ఆయన ఏది కొన్నా నాకు వచ్చేది ఒకటే ఫీజు.

ఇల్లు మొగల్రాజపురంలో మూడో అంతస్తు ఫ్లాట్. హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క మొత్తం గాజు స్లైడింగ్ డోర్, సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. చప్పట్లు కొడితే టింగుమని మోగే హాలు. ఆంప్లిఫయర్ పదిహేనేళ్ల నాటిది, 8 ఓంలకు 45 వాట్లు. దాని వెనక, స్పీకర్ వైర్లు పెట్టే చోట, 6 ఓంలకు తక్కువ స్పీకర్లు పెట్టవద్దని అచ్చు వేసి ఉంది. ఓంలంటే స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. వినేది కర్ణాటక సంగీతం, ఘంటసాల పాటలు, పాత రేడియో రికార్డింగులు. ఆయన భార్య, అమ్మగారు, వీణ టీచరు. ఆ హాల్లోనే సాయంత్రాలు పిల్లలకు పాఠం చెబుతారు. స్పీకర్ల కోసం రిటైర్మెంట్ డబ్బులోంచి పక్కన పెట్టింది లక్షా అరవై వేలు. బ్రోచర్‌లోని స్పీకర్ ధర కూడా సరిగ్గా అంతే.

ఆ డబ్బు సంగతి విన్నాక నాకు టెన్షన్ మొదలైంది. ఎందుకంటే ఆ పదకొండు గీతల్లో ఎనిమిది, ఏమీ చెప్పని వాక్యాల కింద ఉన్నాయి.

గీతలు గీసిన మాటలు

బ్రోచర్ ఇంగ్లిష్‌లో ఉంది. మాస్టారు గీసిన వాటిని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: విమానాల తయారీలో వాడే కార్బన్ అల్లికతో చేసిన కోన్. కళాకారుడు మీ ఎదుట కూర్చున్నట్టుండే త్రీడీ సౌండ్‌స్టేజ్. వేగవంతమైన బాస్. తెర తొలగినట్టు వినిపించే వివరాలు. రిఫరెన్స్ గ్రేడ్. సంగీతాత్మకత. బై-వైరింగ్ టెర్మినల్స్ (ఒక్కో స్పీకర్‌కు రెండు జతల వైర్లు తగిలించే ఏర్పాటు). ఇవి గాక అంకెలు: 28 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్ వరకు (హెర్ట్జ్ తగ్గేకొద్దీ స్వరం లోతు), సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 92 డెసిబెల్స్, పవర్ 300 వాట్లు. చివరిగా, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న యూనిట్) చుట్టూ ఉన్న వేవ్‌గైడ్ (శబ్దాన్ని పక్కలకు పంచే గరాటులాంటి అంచు) గదిలో ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినిపించేట్టు చేస్తుందని ఒక వాక్యం.

ఏ స్పీకర్ బ్రోచర్ చేతికొచ్చినా నేను ప్రతి వాక్యాన్నీ ఒకే ప్రశ్న అడుగుతాను: ఇది అబద్ధమని తేలడానికి దారి ఉందా? "సంగీతాత్మకత" అన్న మాటను ఏ మైకూ, ఏ మీటరూ కాదనలేవు. కాదనడానికి వీల్లేని మాట ఔననడానికీ పనికిరాదు. ఆ వాక్యం ఏ స్పీకర్ పక్కన పెట్టినా ఇమిడిపోతుంది. 28 హెర్ట్జ్ అన్న మాట అలా కాదు, దాన్ని పట్టుకుని అడగవచ్చు. అయితే అడిగితే సరిపోదు, ఏ పరిస్థితిలో కొలిచారో కూడా చెప్పించాలి. షరతు లేని అంకె చూడ్డానికి కొలతలాగే ఉంటుంది, కానీ విశేషణం చేసే పనే చేస్తుంది.

ఇది మనకు కొత్త కాదు. తొంభైల్లో టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్) అని రాసేవారు. మాస్టారి ఇంట్లో కూడా అలాంటిదొకటి ఉండేదట, ముందు వెయ్యి వాట్లని పెద్దక్షరాలు, వెనక స్టిక్కర్ మీద కరెంటు వాడకం పాతిక వాట్లు. గోడ ప్లగ్గులోంచి పాతిక వాట్లు తీసుకునే పెట్టె వెయ్యి వాట్లు ఇస్తూ ఉండలేదు. ఒక్క క్షణంలో వెయ్యో వంతు కాలంపాటు లెక్కలో వచ్చే అంకెను పట్టుకుని దానికి పీఎంపీఓ అని పేరు పెట్టారు. ఆ పేరుకు ఒప్పుకున్న కొలత పద్ధతి ఏదీ లేదు. అమెరికాలో ఈ గొడవ అంతకు ముందే వచ్చింది. 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇంటి ఆంప్లిఫయర్ల వాట్లు ప్రకటించేటప్పుడు ఎన్ని ఓంలకు, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత డిస్టార్షన్‌తో అన్నది కూడా చెప్పాలని నియమం పెట్టింది. అది ఆంప్లిఫయర్లకే. స్పీకర్ వర్ణనల మీద అలాంటి కట్టడి లేకపోవడంతో షరతు రాయాలా వద్దా అన్నది రాసేవాళ్ల ఇష్టానికే మిగిలింది.

డాబా మీద ఒక రాత్రి

మాటలతో తేలేది కాదు కాబట్టి డీలర్‌ను అడిగాం. ఆయన మంచి మనిషి, డిపాజిట్ తీసుకుని శని, ఆదివారాలకు డెమో జత ఇచ్చారు. పోల్చడానికి మరో కంపెనీ చిన్న బుక్‌షెల్ఫ్ జత కూడా తీసుకున్నాను, 55 వేలది. దాని కాగితం ఒకే పేజీ, బొమ్మ కూడా లేదు. 52 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్ వరకు ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్, 2.83 వోల్టులకు, ఒక మీటర్ దూరంలో 86 డెసిబెల్స్. నామినల్ (పేరుకు ప్రకటించే) ఇంపీడెన్స్, అంటే ఓంల లెక్క, 8 ఓంలు, కనిష్ఠం 6.6 ఓంలు. మాస్టారు ఆ కాగితంలో ఒక్క గీత కూడా గీయలేదు. నాకు మాత్రం ప్రతి లైను కింద గీయాలనిపించింది.

రాత్రి పదకొండున్నర దాటాక, బందరు రోడ్డు రద్దీ తగ్గాక, స్పీకర్లను డాబా మీదికి మోయించాం. గదిలో కొలిస్తే స్పీకర్ ఎంత, గోడ ఎంత అన్నది విడదీయలేం. ఆరుబయట ఒక బల్ల అంచున స్పీకర్ నిలబెట్టి, ఒక మీటర్ దూరంలో కాలిబ్రేట్ చేసిన మైక్ పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్‌తో స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా జారే టెస్ట్ శబ్దం) నడిపాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే. నేల మీద పడి తిరిగొచ్చే శబ్దం మైక్‌కు సుమారు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ లోపు వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటే నేల ప్రభావం పోతుంది. దానికి చెల్లించే మూల్యం, 150 హెర్ట్జ్ కింద ఆ గ్రాఫ్‌ను నమ్మలేం. ఆ కింది భాగానికి మైక్‌ను ఊఫర్‌కు (బాస్ పలికే పెద్ద కోన్‌కు) దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టి విడిగా కొలిచాను. డాన్ కీల్ 1974లో చూపించిన ఈ పద్ధతి ఇప్పటికీ డాబాల మీద పనిచేసేవాళ్లకు అన్నం పెడుతోంది.

ముందు సెన్సిటివిటీ. పద్ధతి ప్రకారం స్పీకర్‌కు 2.83 వోల్టులిచ్చి ఒక మీటర్ దూరంలో శబ్దం ఎంతో చూస్తారు. ఆ వోల్టేజీనే ఎందుకంటే, 8 ఓంల స్పీకర్ దాని నుంచి సరిగ్గా ఒక వాట్ తీసుకుంటుంది. బ్రోచర్‌లోని పెద్ద స్పీకర్ 88 డెసిబెల్స్ చూపించింది. బ్రోచర్‌లో 92. ఆ నాలుగూ ఎక్కడివని వెతికితే చివరి పేజీ అడుగున, ఆవగింజంత అక్షరాల్లో, గదిలో కొలిచినదని ఉంది. గోడలు తిప్పి పంపే శబ్దాన్ని కూడా స్పీకర్ ఖాతాలో వేశారన్నమాట.

తర్వాత ఇంపీడెన్స్. ఒక రెసిస్టర్‌తో చేసుకున్న చిన్న జిగ్ నా దగ్గరుంది. బ్రోచర్‌లో "4 నుంచి 8 ఓంల ఆంప్లిఫయర్లకు అనుకూలం" అని ఉంది. అది స్పీకర్ గురించి చెప్పినట్టు వినిపిస్తూ ఆంప్లిఫయర్ గురించి మాట్లాడే వాక్యం. కొలిస్తే 110 హెర్ట్జ్ దగ్గర 3.3 ఓంలకు దిగింది. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం స్పీకర్ ఇంపీడెన్స్ ప్రకటించిన నామినల్ అంకెలో 80 శాతం కన్నా కిందికి పోకూడదు. అంటే 8 ఓంలని చెప్పాలంటే కనిష్ఠం 6.4 ఉండాలి, 4 ఓంలని చెప్పాలంటే 3.2. మన స్పీకర్ 4 ఓంలది, అది కూడా అంచు మీద.

ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టినప్పుడు అసలు విషయం బయటపడింది. 4 ఓంల స్పీకర్ 2.83 వోల్టుల దగ్గర తీసుకునేది రెండు వాట్లు. ఒక వాట్ లెక్కన చూడాలంటే మూడు డెసిబెల్స్ తీసేయాలి. 92 అన్నది ఆరుబయట 88 అయింది, వాట్ లెక్కకు వస్తే 85 అయింది. చిన్న స్పీకర్‌ను అదే చోట కొలిస్తే 85.5 వచ్చింది, కాగితం మీద 86. అది 8 ఓంలదే కాబట్టి తీసేయడానికేమీ లేదు. కాగితాల మీద ఆరు డెసిబెల్స్ తేడా ఉన్న రెండు స్పీకర్లూ, ఆంప్లిఫయర్ నుంచి తీసుకునే పవర్‌కు తిరిగిచ్చే శబ్దంలో సమానమే.

పైగా షోరూమ్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఆంప్లిఫయర్ నాబ్ ఒకే చోట ఉంచి స్విచ్ మారిస్తే రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే వోల్టేజీ. పెద్దది దాదాపు రెట్టింపు కరెంటు లాక్కుని రెండున్నర డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. ఆ మాత్రం తేడాను చెవి "గట్టిగా ఉంది" అని గుర్తించదు, "బాగుంది, నిండుగా ఉంది" అని గుర్తిస్తుంది. మాస్టారు షోరూమ్‌లో పొందిన అనుభవం నిజమైనదే, దానికి కారణం మాత్రం ఆయన అనుకున్నది కాదు.

మాస్టారి ఆంప్ 6 ఓంలకు తక్కువ వద్దని చెబుతోంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం హాల్లోనే నిప్పులు చెరుగుతున్నట్టుంటే, 3.3 ఓంల మీద అది గంటలకొద్దీ నడవాలి. కొన్నాక వేడెక్కి ఆగిపోయినప్పుడు ఆయన ఆంప్‌నే అనుమానించి కొత్త ఆంప్ కొనేవారు. ఇలాంటివి నేను చాలానే చూశాను. అందుకే ఇంపీడెన్స్ కనిష్ఠం రాయని కాగితాన్ని చూస్తే నాకు కోపం వస్తుంది.

300 వాట్ల మాట త్వరగా తేల్చేయవచ్చు. అది స్పీకర్ తట్టుకునే క్షణికమైన గరిష్ఠం, ఎడతెగకుండా తట్టుకునేది సాధారణంగా అందులో నాలుగో వంతు ఉంటుంది. దాన్నిబట్టి శబ్దం ఎంతో తెలియదు. 85 డెసిబెల్స్ స్పీకర్‌లో లోపలికి వెళ్లిన పవర్‌లో ధ్వనిగా మారేది 0.2 శాతమే, మిగిలిందంతా వాయిస్ కాయిల్‌లో వేడి. మాస్టారు సోఫాలో కూర్చుని వినే స్థాయి నేను మీటరుతో చూశాను, 72 నుంచి 75 డెసిబెల్స్. అందుకు సగటున ఒక వాట్‌లో కొంత వంతు చాలు. మృదంగం తని ఆవర్తనంలో శబ్దం పదిహేను డెసిబెల్స్ పైకి లేచినా ఆయన 45 వాట్లలో సగం కూడా ఖర్చు కాదు. బీబీసీ డెబ్బైల మొదట్లో తన బయటి ప్రసార వ్యాన్ల కోసం తయారుచేయించుకున్న ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్ సెన్సిటివిటీ 82, 83 డెసిబెల్స్ మధ్యే. మనిషి గొంతు ఎంత సహజంగా ఉందో చెప్పడానికి ఇంజనీర్లు దాన్నే నమ్ముకున్నారు.

28 నుంచి 40 వేల దాకా

ఫ్రీక్వెన్సీ రేంజ్ రాసేటప్పుడు పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎన్ని డెసిబెల్సో లేకపోతే ఆ అంకెలు రెండూ దిక్కులేనివి. ఏ స్పీకరైనా 28 హెర్ట్జ్ దగ్గర ఎంతో కొంత శబ్దం చేస్తుంది. మిగతా స్వరాలతో పోలిస్తే ఎంత తగ్గి చేస్తుందన్నదే అడగాల్సింది. పెద్ద స్పీకర్‌ను కొలిస్తే 46 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గింది, 40 దగ్గర 6, 34 దగ్గర 10. గది సాయం కలిపి, 10 డెసిబెల్స్ తగ్గినా ఫరవాలేదనుకుంటే 28 అని రాసుకోవచ్చు. చిన్న స్పీకర్ కాగితం 52 అంది, కొలిస్తే 53. అంటే బ్రోచర్ల ప్రకారం 28కీ 52కీ ఉన్న దూరం, ఒకే కొలబద్ద పెడితే 46కీ 53కీ మధ్య దూరం. తేడా ఉంది, కాదనను. కొత్త సినిమా పాటల్లో బాస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అది పెద్ద స్పీకర్‌లోనే బాగా వస్తుంది. ఘంటసాల పాటల రికార్డింగుల్లో ఆ లోతులో వినడానికి దాదాపు ఏమీ లేదు.

40 కిలోహెర్ట్జ్ సంగతి వేరు. ఆ పక్కన హై-రెస్ ఆడియో బంగారు స్టిక్కర్ ఉంది. ఆ స్టిక్కర్‌ను జపాన్ ఆడియో సొసైటీ ఇస్తుంది, స్పీకర్లయితే 40 కిలోహెర్ట్జ్ దాకా పనిచేయగలగాలన్నది అందులో ఒక షరతు. ఆరోగ్యవంతుడైన కుర్రవాడి చెవికి 20 కిలోహెర్ట్జ్ హద్దు. సీడీలో 22 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. మాస్టారికి 68 ఏళ్లు. నా దగ్గరున్న టోన్లు వినిపిస్తే ఆయనకు 9 కిలోహెర్ట్జ్ దాకా వినిపించింది. ఆ వయసుకు అది మామూలే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి నేను వినలేనిదానికి నాచేత డబ్బు కట్టిస్తున్నారా?" అని అడిగారు. ఆ ప్రశ్న డీలర్‌ను కాదు, ఆ బ్రోచర్ రాసినవాళ్లను అడగాలి.

కార్బన్, వేగం, తెర

కోన్ దేనితో చేశారన్నది బ్రోచర్లకు ఇష్టమైన విషయం, ఎందుకంటే ఫొటోలో బాగా కనిపిస్తుంది. గట్టి పదార్థం వల్ల లాభం ఉంది. కోన్ ముక్కలు ముక్కలుగా ఊగడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ పైకి జరుగుతుంది. కానీ ఒకసారి మొదలయ్యాక మెత్తని పేపర్ కోన్ కన్నా గట్టిది ఎక్కువగా మోగుతుంది, దాన్ని క్రాసోవర్ (ఏ స్వరాలు ఏ యూనిట్‌కు వెళ్లాలో పంచే సర్క్యూట్) అణచాలి. మన కార్బన్ కోన్ 4.5 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతోంది, క్రాసోవర్ దాన్ని పూర్తిగా అణచలేదు. పదార్థం చెడ్డదని కాదు, పదార్థం పేరు సగం వాక్యమేనని నా ఉద్దేశం. బీ అండ్ డబ్ల్యూ కంపెనీ డెబ్బైల నడుమ నుంచి పసుపురంగు కెవ్లార్ కోన్లు వాడింది. నలభై ఏళ్లు అదే ఆ కంపెనీ గుర్తు. 2015లో కంటిన్యుమ్ అనే కొత్త పదార్థానికి మారింది. రెండింటితోనూ మంచి స్పీకర్లు చేసింది. కొనేవాడు చూడాల్సింది కోన్ మీద అల్లిక కాదు, గ్రాఫ్ మీద గీత.

"తెర తొలగినట్టు వివరాలు" అన్నదానికి నాకు గ్రాఫ్‌లోనే జవాబు దొరికింది. 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల 4 డెసిబెల్స్ ఎత్తు. షోరూమ్‌లో అయిదు నిమిషాలు వింటే అది నిజంగా వివరంలాగే ఉంటుంది. తాళం చప్పుడు, పాటగాడు ఊపిరి తీసుకోవడం, "స, ష" అక్షరాలు ముందుకొస్తాయి. అమ్మగారు ఈ గ్రాఫ్ చూడకముందే, శనివారం మధ్యాహ్నం ఒక వీణ రికార్డింగు విని అన్న మాట రాసిపెట్టుకున్నాను: "గమకం కన్నా మీటు ముందు వినపడుతోంది నాయనా. గోరుతో రేకు మీద గీసినట్టుంది." వీణలో మీటు ఒక క్షణం, గమకం ఆ తర్వాత తీగ లాగుతూ సాగేది. మీటులో పై ఫ్రీక్వెన్సీలు ఎక్కువ. 4 డెసిబెల్స్ ఎత్తు దానికి అనవసరమైన బలం ఇచ్చింది. నా మైక్ రాత్రి పన్నెండుకు చెప్పినదాన్ని ఆవిడ మధ్యాహ్నం మూడింటికే చెప్పేశారు.

"వేగవంతమైన బాస్" మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి. 40 హెర్ట్జ్ అలకు ఒక్క చుట్టు పూర్తికావడానికి 25 మిల్లీసెకన్లు పడుతుంది. తేలికైన ఊఫరైనా బరువైన ఊఫరైనా ఆ అలను తొందరపెట్టలేవు. బాస్ బద్ధకంగా ఉందని మనకు అనిపించేది అది మొదలవడంలో ఆలస్యం వల్ల కాదు, ఆగాల్సినచోట ఆగకపోవడం వల్ల. దానికి ఇంట్లో పెద్ద కారణం గది. మాస్టారి హాలు పొడవు అయిదున్నర మీటర్లు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లను అందుకు రెట్టింపుతో భాగిస్తే 31 హెర్ట్జ్, దాని రెట్టింపు 62. ఎత్తు 2.9 మీటర్లకు అదే లెక్క వేస్తే 59. రెండూ పక్కపక్కనే పడ్డాయి. సోఫా దగ్గర మైక్ పెడితే 60 హెర్ట్జ్ చుట్టూ 12 డెసిబెల్స్ గుట్ట కనిపించింది, స్వీప్ ఆగిన అర సెకను తర్వాత కూడా గది మూలుగుతూనే ఉంది. వేగవంతమైన బాస్ అని రాసిన స్పీకర్‌కూ అంతే, ఏమీ రాయని స్పీకర్‌కూ అంతే.

సోఫాను ముందుకు జరిపి, కూర్చున్నవాళ్ల తల వెనక గోడకు మూడడుగుల దూరంలో ఉండేట్టు చేశాం. 62 హెర్ట్జ్ అల గోడ దగ్గర గరిష్ఠంగా, గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర శూన్యంగా ఉంటుంది. మూడడుగుల దగ్గర సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గాలి. మైక్ కూడా ఇంచుమించు అంతే చూపించింది. పైసా ఖర్చు లేకుండా బాస్ "వేగం" పుంజుకుంది.

బై-వైరింగ్ టెర్మినల్స్ గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. మామూలు రాగి వైరు ఒక జత సరిపోతుంది.

ఇక పదకొండో గీత. వేవ్‌గైడ్ గురించిన ఆ వాక్యాన్ని నేను కూడా కొట్టేశాను, మిగతావాటి తీరు చూసి ఇదీ అంతేననుకున్నాను. డాబా మీద స్పీకర్‌ను పది డిగ్రీల చొప్పున తిప్పుతూ కొలిచినప్పుడు తెలిసింది, అది నిజం. 40 డిగ్రీల పక్కకు వెళ్లినా గ్రాఫ్ ఆకారం చెడలేదు, నెమ్మదిగా, సమంగా తగ్గింది. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధన, జనం మెచ్చే స్పీకర్లలో ఎదురుగా వచ్చే శబ్దం సమంగా ఉండటంతోపాటు పక్కలకు వెళ్లేది కూడా ఒడిదుడుకులు లేకుండా ఉంటుందని చూపించింది. ఆ రెండో గుణం ఈ స్పీకర్‌లో ఉంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఎవరో గానీ తన పని శ్రద్ధగా చేశాడు. బ్రోచర్ రాసినవాళ్లు ఆ మంచిపనిని "త్రీడీ సౌండ్‌స్టేజ్" కింద కప్పేశారు. ఇలాంటి స్పీకర్‌లో ట్రెబుల్ ఎత్తును ఈక్యూతో (స్వరాల స్థాయిని సరిచేసే సెట్టింగుతో) దించవచ్చు కూడా. ఆంప్ కొత్తదై 4 ఓంలు తట్టుకునేదైతే, బడ్జెట్ ఇంకొంచెం ఉంటే, వేరే ఇంటికి నేనే దీన్ని సూచించేవాణ్ని.

చీర చాటున

ఆదివారం ఉదయం మాస్టారిని కళ్లతో కాకుండా చెవులతో ఎంచుకోమన్నాను. 1994లో టూల్, షాన్ ఆలివ్ కలిసి హార్మన్ అనే ఆడియో కంపెనీలో ఒకే మనుషులకు ఒకే స్పీకర్లను కనిపించేలా ఒకసారి, తెర చాటున ఒకసారి వినిపించారు. కనిపించినప్పుడు వచ్చిన మార్కులు, కనిపించనప్పుడు వచ్చినవీ ఒకటి కాలేదు. పరిమాణం, ధర, పేరు చెవిలోకి దూరుతాయని ఆ ప్రయోగం నిలబెట్టి చూపింది. అందులో పాల్గొన్నవాళ్లు ఆ కంపెనీ ఉద్యోగులే.

మా తెర అమ్మగారి పాత నూలు చీర. ముందు చీర అడ్డంపెట్టి, తర్వాత తీసి కొలిస్తే 10 కిలోహెర్ట్జ్ దాకా తేడా ఒక డెసిబెల్‌కు లోపే. పింక్ నాయిస్‌తో (అన్ని స్వరాలూ కలిసిన హోరుతో) రెండు జతల శబ్దాన్నీ 0.2 డెసిబెల్స్ తేడాకు సరిపెట్టాను. ఇది చేయకపోతే పోలికకు అర్థమే లేదు, గట్టిగా మోగేదే గెలుస్తుంది. పెద్ద స్పీకర్ మీద ఆంప్‌ను తక్కువ వాల్యూమ్‌లో, గంటకు మించకుండా నడిపాను.

మూడు రికార్డింగులు, ఒక్కోటి నాలుగుసార్లు, ఏది ఎప్పుడన్నది నేను చీటీలు తీసి మార్చాను. చీటీలు నాకు తెలుసు కాబట్టి ఇది పూర్తి డబుల్ బ్లైండ్ కాదు, పన్నెండుసార్లు వినడం మీద సిద్ధాంతం కట్టను. ఘంటసాల గొంతుకు మాస్టారు నాలుగుకు నాలుగుసార్లు చిన్న స్పీకర్‌ను ఎంచుకున్నారు. వీణకు మూడుసార్లు. కొత్త సినిమా పాటకు నాలుగుసార్లూ పెద్దదాన్నే. ఆ లోతైన బాస్ ఆయనకు నచ్చింది, నచ్చడం సహజం. అమ్మగారు వీణకు నాలుగుసార్లూ చిన్నదాన్నే చూపించారు, కారణం కూడా ప్రతిసారీ ఒకటే చెప్పారు. చీర తీశాక మాస్టారు చాలాసేపు ఆ చిన్న పెట్టెల వైపే చూశారు. "ఇవా పాడింది?" అన్నారు.

ఏం చేశాం

వినేదాంట్లో ముప్పాతిక భాగం గొంతు, వీణ. ఆంప్ 6 ఓంలకు తగ్గకూడదు. ఈ రెండూ చాలు, 55 వేల బుక్‌షెల్ఫ్ జతే కొన్నారు. మరో 9 వేలకు లోపల ఇసుక నింపిన స్టాండ్లు. టీవీ బల్ల మీద పెడతామని మాస్టారు మొదట అన్నారు, బల్ల మీద నుంచి తిరిగొచ్చే శబ్దం గొంతును ముద్దగా చేయడం వినిపించాక ఆయనే వద్దన్నారు. గాజు తలుపుకు మందపాటి రెండు పొరల కర్టెన్, స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద దళసరి తివాచీ, రెండూ కలిపి 14 వేలు. పడగ్గదిలో అట్టపెట్టెల్లో ఉన్న మాస్టారి పుస్తకాలు బీరువాలెక్కి హాల్లో వెనక గోడకు చేరాయి. శబ్దం అణిగే సమయం ముందు ఒక సెకను దాకా ఉండేది, ఇప్పుడు 0.6. మొత్తం ఖర్చు నా ఫీజు కాక 78 వేలు.

అన్నీ సరిపోలేదు. హాలు వెడల్పు వల్ల వచ్చే 47 హెర్ట్జ్ మోత ఎడమపక్క కుర్చీలో ఇంకా ఉంది, మనవడు వచ్చినప్పుడు అక్కడే కూర్చుని బాస్ బాగుందంటాడట. కొత్త పాటల కోసం చిన్న సబ్‌ఊఫర్ గురించి ఒకసారి మాట్లాడుకున్నాం, మాస్టారు ప్రస్తుతానికి వద్దన్నారు. పెద్ద స్పీకర్ జతను తిరిగి ఇచ్చేటప్పుడు డీలర్‌కు నా గ్రాఫ్‌లన్నీ ప్రింట్ తీసి ఇచ్చాను. ఆయన ఇంపీడెన్స్ గ్రాఫ్‌ను చాలాసేపు చూసి, ఆ మోడల్ పెట్టిన రెండు ఇళ్లలో ఆంప్ మాటిమాటికీ ఆగిపోతోందని ఫిర్యాదు వచ్చిందని, కారణం ఇప్పుడు అర్థమైందని అన్నారు. ఇప్పుడు ఎవరైనా ఆ జత అడిగితే ముందు వాళ్ల ఆంప్ వెనక ఏం రాసి ఉందో ఫొటో తీసి పంపమంటున్నారు.

మిగిలిన డబ్బును ఏం చేయాలో అమ్మగారు చెప్పారు. ఆవిడ గురువుగారి పాఠాలు ఎనభైల్లో టేప్ చేసినవి నలభై మూడు క్యాసెట్లు ఉన్నాయి. కొన్నిటికి బూజు పట్టింది, రెండింటి రీలు తెగింది. చిన్న స్పీకర్లలో వాటిలో ఒకటి వేసి విన్నాం. వెనక తంబూర, ముందు గురువుగారి గొంతు, మధ్యలో ఎక్కడో పిల్లల అల్లరి. వచ్చే నెల నుంచి ఆ క్యాసెట్లను ఒక్కొక్కటే శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెడుతున్నాను.